బాదం పూసిన నాడు పెర్సెఫొనీ పండగ

అలోనాకి అనే ఊళ్లో ఎవరినైనా పుట్టినరోజు ఎప్పుడని అడగండి, బుర్ర గోక్కుంటారు. పేరుపండగ ఎప్పుడని అడిగితే మాత్రం నిద్రలో లేపినా చెప్తారు. ఎవరిది ఏ పునీతుడి పేరో, ఆ పునీతుడి రోజే వాళ్ల పండగ. ఆ రోజు ఎవరినీ పిలవరు. పిలిస్తే నామోషీ. తలుపు బార్లా తీసి, బల్ల మీద మిఠాయి, ద్రాక్షసారా పెట్టి కూర్చుంటారు, అంతే. ఊరు దానంతట అదే వస్తుంది. గుమ్మం దాటి ఎంతమంది వచ్చారన్నదాన్ని బట్టే ఆ మనిషికి ఊళ్లో ఎంత విలువుందో తేలిపోతుంది.

అలాంటి ఊళ్లో పెర్సెఫొనీకి పేరుపండగ లేదు.

ఆ పేరుతో పునీతురాలు లేదు మరి. తప్పంతా వాళ్ల నాన్న పండెలిస్‌ది. ఆయన కంచరగాడిదలు తోలేవాడు. కింద మైదానంలో పాతరాళ్లు తవ్వేవాళ్లు వచ్చినప్పుడు మూటలు మోయడానికి వెళ్లాడు. వాళ్లు మట్టిలోంచి ఒక పాలరాతి తల తీసి ఎవరిదో చెప్తే, పండెలిస్ తొడ చరిచి, “ఈవిడా? మా నానమ్మ చెప్పిన కథల్లో మనిషే కదయ్యా!” అనేవాడట. పని అయ్యాక వాళ్లు రాళ్లు పట్టుకుపోయారు. పండెలిస్ పేర్లు పట్టుకొచ్చుకున్నాడు.

పెద్దకొడుకుకి హెరాక్లిస్ అని పెట్టాడు. పూర్వం ఆ పేరుగల వీరుడు సింహాన్ని ఉత్తచేతులతో నలిపేశాడట. ఈ హెరాక్లిస్ మగబాతు రెక్కలు విప్పితే చాలు, బల్లెక్కేవాడు. రెండోవాడు అకిలియాస్. పాత అకిలియాస్‌ని వాళ్లమ్మ మడమ పట్టుకుని చావులేని నీళ్లలో ముంచిందట. పట్టుకున్న చోట తడవక, చివరికి అక్కడే బాణం తగిలి పోయాడట పాపం. మన అకిలియాస్ చెప్పులు కుట్టేవాడై, ఊరందరి మడమలూ కాపాడుతూ హాయిగా ముసలివాడయ్యాడు. అతని పేరున ఎక్కడో ఒక పునీతుడు దొరికాడు కూడా, ఆ రోజున పండగ చేసుకుంటాడు. హెరాక్లిస్ మాత్రం, దిక్కులేని పేర్లన్నిటికీ కలిపి చర్చివాళ్లు పడేసిన సకల పునీతుల ఆదివారంతో సర్దుకుపోయాడు.

పెర్సెఫొనీ సర్దుకుపోయే రకం కాదు. “మిగిలిన రొట్టెముక్కలన్నీ ఒక గిన్నెలో పోసినట్టుంటుంది ఆ ఆదివారం. నాకొద్దు పొండి” అనేది.

ఆమె పేరు పెట్టిన రోజునే చర్చిలో గొడవయిందట. ఈ ఊళ్లో బాప్తిస్మపు నీళ్లతొట్టి దగ్గర తల్లిదండ్రులు నోరు విప్పకూడదు. ఫాదర్ అడిగినప్పుడు బిడ్డ తరఫున నిలబడే జ్ఞానతండ్రి గాని జ్ఞానతల్లి గాని ఏ పేరు చెబితే అదే ఖాయం. పండెలిస్ ముందే నూరిపోసి తెచ్చిన జ్ఞానతండ్రి “పెర్సెఫొనీ” అన్నాడు. అప్పటి ఫాదర్ గడ్డం పట్టుకుని, “పాతాళపు రాజు పెళ్లాం పేరా, ఈ పసిగుడ్డుకి?” అన్నాడు. వెనకనుంచి పండెలిస్ ఉండబట్టలేక, “రాణే కదా ఫాదర్‌గారూ, పనిమనిషి కాదుగా!” అని అరిచాడట. ఆ పేరే ఖాయమైంది.

పిల్ల కాస్త పెద్దదై, “నాకు పండగెందుకు లేదు నాన్నా?” అని ముక్కు చీదినప్పుడు, పండెలిస్ ఆమెని బాదంచెట్టు కింద కూర్చోబెట్టి కథ చెప్పాడు. ధాన్యానికి తల్లి దిమిత్రా. ఆమె ఒక్కగానొక్క కూతురు పెర్సెఫొనీ. ఆ పిల్ల పూలు కోసుకుంటుంటే నేల రెండుగా చీలి, చచ్చినవాళ్ల రాజు హేడిస్ నల్లగుర్రాల బండిలో వచ్చి ఎత్తుకుపోయాడు. తల్లికి కడుపు రగిలింది. గోధుమకి మొలకెత్తొద్దని చెప్పింది. గింజ రాలేదు, గడ్డి రాలేదు. మనుషులకి తిండి లేక దేవుళ్లకి నైవేద్యం లేకుండా పోయింది. ఆకలి తన దాకా వస్తేగాని దేవుళ్లందరికీ రాజు జియస్‌కి న్యాయం గుర్తు రాలేదు. అప్పుడు, పిల్లని పంపెయ్యమని కబురు పెట్టాడు. కానీ ఆ హేడిస్ గడుసువాడు, బయల్దేరేముందు దానిమ్మగింజలు తినిపించాడు. ఆ ఇంట్లో తిన్నవాళ్లు మళ్లీ ఆ ఇంటికి రావాల్సిందే, అదీ కట్టుబాటు. అందుకని ఏడాదిలో కొన్నాళ్లు కింద, కొన్నాళ్లు పైన. కింద ఉన్నన్నాళ్లు మనకి చలికాలం.

“ఆమె పైకొచ్చే రోజు ముందు ఎవరికి తెలుస్తుందో తెలుసా? ఈ బాదంచెట్టుకి. ఆకుకూడా వెయ్యకుండా పరుగున పూసేస్తుంది” అన్నాడు పండెలిస్.

పిల్ల ముక్కు తుడుచుకుంది. ఆ మాట మాత్రం మనసులో పెట్టుకుంది.

తర్వాత పెర్సెఫొనీ పెరిగింది, మగ్గం నేర్చింది, మేకలవాడు థనాసిస్‌ని చేసుకుంది. ఆయన రోజుకి మాట్లాడే మాటలు గుప్పెట్లో పడతాయి. ఆమె మాటలకి ఊరు చాలదు. సంసారం బాగా సాగింది. వెన్నబిళ్లలు చేయడంలో ఆమెని మించినవాళ్లు లేరు. వెన్నా, బాదం, పైన మంచులా పంచదార. నోట్లో పెడితే నమలకుండానే దిగిపోతాయి. ఎవరి పేరుపండగైనా పళ్లెం నింపి, పైన బట్ట కప్పి పట్టుకెళ్లేది. అందరి గుమ్మాలూ తొక్కింది. తన గుమ్మానికి మాత్రం అలా ఎవరూ రాలేదు. ఎవరూ కావాలని చేసింది కాదు, రోజు లేదు కాబట్టి రాలేదు. కానీ ఖాళీ పళ్లెం పట్టుకుని ఇంటికొచ్చేటప్పుడు ఆమె మొహం ఎలా ఉండేదో థనాసిస్‌కి తెలుసు.

ఒక ఏడు ఆకురాలే కాలంలో కొడుకు ఆర్గిరిస్‌కి కూతురు పుట్టింది. మూడోనాడు ముగ్గురు విధి అక్కచెల్లెళ్లు వచ్చి నుదుట రాసిపోతారని పెర్సెఫొనీ తేనె, బాదం, రొట్టె ఉయ్యాల పక్కన పెట్టింది. “మంచి రాత రాయండమ్మా, పేరు సంగతి నేను చూసుకుంటాను” అని వాళ్లకి చెప్పింది కూడా. మొదటి ఆడపిల్లకి నాన్నమ్మ పేరు పెట్టాలి. అది రివాజు. అందులో మాట్లాడేదేముంది?

మాట్లాడేది ఉందని కోడలు ఫొటీని అంది.

“అత్తయ్యా, కోపం తెచ్చుకోకండి. పేరు బావుంది. కానీ రేపు నా కూతురు బడికెళ్తుంది. మరియాల పండగొస్తుంది, ఎలేనీల పండగొస్తుంది. ఇది అందరిళ్లకీ పళ్లెం మోసుకెళ్లి, తన పండగంటూ లేక, గుమ్మంలో ఒక్కతే కూర్చోవాలా? మీరు కూర్చున్నట్టు?”

ఆర్గిరిస్ మేకలకి నీళ్లు పెట్టాలంటూ లేచిపోయాడు. మేకలు అప్పుడే తాగి పడుకున్నాయి.

ఇక జ్ఞానతల్లిగా నిలబడేది కుట్టుపని చేసే జంబెటా. ఫొటీనికి చిన్ననాటి స్నేహితురాలు. పెర్సెఫొనీ పళ్లెం తీసుకుని ఆమె ఇంటికెళ్లింది. జంబెటా మూడు బిళ్లలు తిని, మూతి తుడుచుకుని, “నన్ను కొనలేవు అత్తా. ఫొటీని ఏ పేరు చెప్పమంటే అదే చెప్తాను. ఇంకోటి ఇటియ్యి” అంది.

కొత్త సంవత్సరం మొదటిరోజు పునీత వసీలియోస్ పండగ. అంటే వసిలికి అనే వియ్యపురాలి పేరుపండగ. ఊరంతా ఎలాగూ ఇల్లిల్లూ తిరిగే రోజు, ఆమె ఇంటికి రాక ఎక్కడికిపోతుంది? ఆ రద్దీ అంతా తన గొప్పే అనుకుంటుంది ఆవిడ. ఆ రోజు కొత్త ఏడు కలిసిరావాలని గుమ్మం మీద దానిమ్మకాయ కొట్టారు. గింజలు ముత్యాల్లా చెల్లాచెదురయ్యాయి. ఇల్లు కిక్కిరిసి ఉంది. ఇక్కడి ఫాదర్లకి పెళ్లిళ్లుంటాయి, ఫాదర్ స్టమాటిస్ కూడా భార్యతో వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు.

“రా వదినా రా,” అంది వసిలికి నలుగురూ వినేలా. “నీకేమమ్మా, ఎవరింటికైనా తీరిగ్గా రావచ్చు. నీ ఇంట్లో పండగేమన్నా ఉందా, పబ్బమేమన్నా ఉందా!”

నవ్వారు. ఫొటీని మాత్రం ఒళ్లో పాపని సర్దుకుంటూ తల దించుకుంది.

“ఎందుకు లేదు? ఉంది వదినా,” అంది పెర్సెఫొనీ. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా అది తనకీ తెలియదు.

“అలాగా! ఎప్పుడో?”

“మా బాదంచెట్టు పూసిన నాడు.”

“అదేం తారీకమ్మా?”

“ఈస్టర్‌కి తారీకుందా? ఏటా చంద్రుణ్ణి చూసుకుని కదుల్తుంది కదా. నా పండగ చెట్టుని చూసుకుని కదుల్తుంది.”

ఫాదర్‌కి సారా గొంతుకడ్డం పడింది. భార్య వీపు చరిచింది.

“ఎవరొస్తారో చూద్దాం,” అంది వసిలికి.

“చూడు. తలుపు తీసుంటుంది. పిలవడం నా ఇంటావంటా లేదు.”

ఇంటికి వస్తుంటే ఫొటీని పక్కకొచ్చి మెల్లగా అంది: “అత్తయ్యా, ఆ రోజు ఇల్లు నిండితే, అప్పుడు పేరు సంగతి మాట్లాడదాం.”

“నిండకపోతే?”

“నిండకపోతే మీరు నన్నేమీ అనకూడదు.”

“సరే,” అంది పెర్సెఫొనీ. మనిషి సరే అనడం సులువే. ఇక బాదంచెట్టు కూడా సరే అనాలి.

చెట్టుకి ఏం రోగమొచ్చిందో, ఆ ఏడు పూయదే! మామూలుగా ఉపవాసాలకి ముందొచ్చే వేషాల ఊరేగింపులకే పూసేసేది. ఆ ఏడు కొండమీద ప్రవక్త ఎలియాస్ గుడి దగ్గర మంచు కరగలేదు. పూర్వం సూర్యుడి రథం ఎక్కివచ్చే శిఖరమట అది, ఇప్పుడు నిప్పురథమెక్కిన ఎలియాస్‌ది. ఎవరి రథమైనా ఆ ఏడు ఆలస్యంగానే తిరిగింది. పెర్సెఫొనీ పొద్దున్నే వెళ్లి మొగ్గలు నొక్కి చూసేది, “లేవండే సోమరిపోతుల్లారా” అని తిట్టేది. వీధి మలుపులో ఉన్న చెట్టు అది. కాఫీ కొట్టు ముందు కూర్చున్న మగాళ్లందరికీ కనిపిస్తుంది. “ఇవాళ కూడా చలిగానే ఉందా పెర్సెఫొనీ?” అని వేళాకోళం.

ఈస్టర్ దాకా సాగే పెద్ద ఉపవాసానికి ముందు వారం ఊళ్లో ఎవరింట్లో వెన్న, గుడ్లు మిగిలినా వండి అవగొట్టాలి. పెర్సెఫొనీ మిగిలిన వెన్నంతా పోసి పెద్ద పళ్లేలకి పళ్లేలు బిళ్లలు చేసింది. రేపో ఎల్లుండో పూస్తుందన్న ధీమా. పూయలేదు. ఉపవాసం మొదలైంది. ఊరంతా మాంసం, పాలు, వెన్న, గుడ్డు మానేసింది. పెర్సెఫొనీ కూడా మానేసింది. అటక మీది పళ్లేల సంగతి ఆమె తలలోంచి జారిపోయింది. ఆ తలలో మొగ్గలు తప్ప ఇంకేమీ లేవు మరి.

ఉపవాసంలో మొదటి శనివారం, పునీత థియోడర్ రోజు, పూర్వీకుల పేర ఉడికించిన గోధుమలు చర్చికి తీసుకెళ్లడానికి గుమ్మం దాటి చూస్తే, చెట్టు మీద ఒకే ఒక్క పువ్వు.

“పూసింది!” అని కేక పెట్టింది.

థనాసిస్ వచ్చి కళ్లు చికిలించాడు. “ఒక్కటే ఉంది.”

“సమాధిలోంచి లేచింది కూడా ఒక్కడే. వెళ్లి గడ్డం గీసుకో.”

చర్చి నుంచి రాగానే ఇల్లు కడిగింది, పెళ్లినాటి దుప్పటి బల్లమీద పరిచింది, అటక మీంచి పళ్లేలు దించింది, తలుపు బార్లా తీసింది. చెంచాతో పెట్టే పండ్లపాకం జాడీ పాపని చూడ్డానికొచ్చినవాళ్లకే ఖాళీ అయిపోయింది, అయినా బిళ్లలుండగా లోటేముంది? తెల్ల కాలరున్న నల్లగౌను వేసుకుని కుర్చీలో కూర్చుంది. ఫొటీని పాపని ఎత్తుకుని లోపలి గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. ఎవరూ ఎవరినీ చూడటంలేదు.

పొద్దు వాలింది. వీధిలో అడుగులు వినిపించాయి, దాటి వెళ్లిపోయాయి. మళ్లీ వినిపించాయి. మేక. పెర్సెఫొనీ దుప్పటి అంచు సరిచేసింది. అది ముందే సరిగా ఉంది.

థనాసిస్ లేచి టోపీ పెట్టుకుని బయటికి వెళ్లాడు. ‘ఈయన కూడా పోయాడు’ అనుకుంది. ఆయన వీధి మలుపుదాకా వెళ్లి, వెనక్కి తిరిగి వచ్చి, గుమ్మంలో ఆగి తలుపు తట్టాడు. టోపీ తీశాడు.

“నూరేళ్లు చల్లగా ఉండు పెర్సెఫొనీ. పేరుపండగ కదా, చూసిపోదామని వచ్చాను.”

“కూర్చోండి,” అంది ఆమె. “చాలా దూరం నుంచి వచ్చినట్టున్నారు.”

“చెట్టు దగ్గర్నించి.”

అప్పుడే గుమ్మం చీకటయింది. చూస్తే అకిలియాస్, వెనకాల హెరాక్లిస్, ఫాదర్ స్టమాటిస్, ఆయన భార్య, జంబెటా, కాఫీ కొట్టు మగాళ్లు, వాళ్ల పెళ్లాలు. అందరూ చర్చిలో సాయంత్రపు ప్రార్థన అయ్యేదాకా ఆగి, ఒక్కసారిగా వచ్చారు. సగంమంది ఏం జరుగుతుందో చూద్దామనే వచ్చారు. వస్తే వచ్చారు, కాళ్లు గుమ్మం దాటాయా లేదా? గోడకి ఆనుకుని నిలబడేదాకా ఇల్లు నిండిపోయింది.

“నీ పళ్లేలు తిన్న నోళ్లమ్మా ఇవి,” అన్నాడు కాఫీ కొట్టాయన. “నువ్వు ఎప్పుడు తలుపు తీస్తావా అని చూస్తున్నాం.”

“తీసే ఉందిగా ఎప్పుడూ!”

“ఎప్పుడూ తీసుంటే ఏ రోజు రావాలో ఎలా తెలుస్తుంది?”

పెర్సెఫొనీ మొహం దీపంలా వెలిగింది. పెద్ద పళ్లెం ఎత్తి ముందు ఫాదర్‌కి పట్టింది. ఫాదర్ చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది.

“అమ్మా పెర్సెఫొనీ... ఇది వెన్నేనా?”

ఉపవాసం మొదటి వారం, అన్నిట్లోకి కఠినమైనది, ఎదురుగా ఫాదర్, పళ్లెం నిండా వెన్న. సరిగ్గా అప్పుడే వసిలికి గుమ్మంలో అడుగుపెట్టింది.

“వెన్నబిళ్లలా!” అని గుండెలు బాదుకుంది. “ఉపవాసంలోనా! ఇంతమందిని పిలిచి నరకానికి పంపుతావా వదినా?”

“నేనెవర్నీ పిలవలేదు!” అంది పెర్సెఫొనీ. అలవాటుకొద్దీ నోరు లేచిందిగాని, చేతిలో పళ్లెం ఎక్కడ దాచాలో తెలియలేదు. ఇంతమంది వచ్చి నోట ఏమీ పెట్టకుండా వెళ్తే, అది పండగే కాదు. పండగలేనిదాని ఇంట తినడానికేమీ లేదని రేపు పాటలు కడతారు. లోపలి గది గుమ్మంలో ఫొటీని నిలబడి ఉంది. ఆమె కళ్లల్లో జాలి కనిపించింది. పెర్సెఫొనీకి అన్నిటికంటే పడనిది అదే.

చటుక్కున పళ్లెం థనాసిస్ చేతిలో పెట్టి, వంటింట్లోకి వెళ్లింది. పొద్దున ఉడికించిన గోధుమలు, చర్చికి తీసుకెళ్లగా సగం ఇంకా గిన్నెలో ఉన్నాయి. బాదం, ఎండుద్రాక్ష, పంచదార కలిపినవి. వాసానికి వేలాడదీసిన దానిమ్మకాయ ఒకటి కోసుకుంది. తొక్క చెక్కలా ఎండిందిగాని, పగలగొడితే లోపల నెత్తురంత ఎర్రగా గింజలు. గిన్నె మీద కుమ్మరించింది.

“చచ్చినవాళ్లకి పెట్టే గోధుమలు!” వసిలికి రెండుచేతులూ ఎత్తింది. “పేరుపండగకి తద్దినం కూడా చూశాంరా దేవుడా!”

“ఎవరి పేరనుకున్నావ్ వదినా?” పెర్సెఫొనీ గిన్నె బల్ల మధ్యలో ఠపీమని పెట్టింది. “చచ్చినవాళ్ల రాణి పేరు నాది. ఆమె బల్ల మీద ఇదే ఉంటుంది, వెన్నబిళ్లలుండవు. ఈ గోధుమ వాళ్లమ్మది. ఈ దానిమ్మ ఆమెది. మన పూర్వీకుల పేర ప్రతి శనివారం చర్చికి ఎవరి వంట మోసుకెళ్తున్నావనుకున్నావ్? చెప్పండి ఫాదర్‌గారూ, ఉపవాసానికి తప్పా?”

ఫాదర్ గడ్డం నిమురుకున్నాడు. “తప్పేముంది. పొద్దున నేనే దీవించాను,” అన్నాడు. “ఇక ఆ కథ సంగతి... నాకు వినపడలేదు.” అని గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

అంతే, ఇల్లంతా చేతులు చాచింది. నూరేళ్లు, నూరేళ్లు అంటూ సారా గ్లాసులు తగిలాయి. హెరాక్లిస్ రెండోసారి పెట్టించుకున్నాడు. వసిలికి కాసేపు బిగుసుకు కూర్చుంది, ఆకలి ఆవిడకీ ఉంది, దానిమ్మగింజలు ఎక్కువగా ఉన్న చోట చూసి మరీ తీసుకుంది.

ఆవిడ మింగేదాకా ఆగి పెర్సెఫొనీ అంది: “రాణిగారి బల్ల మీద దానిమ్మ తిన్నవాళ్లు ఏమవుతారో తెలుసా వదినా?”

“ఏమవుతారు?” వసిలికి నమలడం ఆపింది.

“ఏటా ఆ ఇంటికి మళ్లీ రావాల్సిందే. కట్టుబాటు. తప్పించుకోలేరు.”

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. “మోసం! ముందే చెప్పాలిగా!” అని వసిలికి అరుస్తోంది, నవ్వాపుకోలేక అరుపు పాడైపోతోంది. “నేనూ మోసపోయానర్రా,” అన్నాడు ఫాదర్. “నేను రెండుసార్లు రావాలా?” అన్నాడు హెరాక్లిస్, నిజంగా కంగారుపడి.

ఆ గోలలో ఫొటీని పాపతో బల్ల దగ్గరికి వచ్చింది. గిన్నెలోంచి ఒక దానిమ్మగింజ తీసి, వేళ్ల మధ్య నలిపి, ఆ రసం పాప పెదవులకి రాసింది. పాప మొహం పులుపుకి ముడుచుకుంది, నాలుకతో నాకింది, ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచింది.

“ఇక దీనికీ తప్పదు అత్తయ్యా,” అంది ఫొటీని. “ఏటా ఇక్కడికే రావాలి. ఎలాగూ వస్తుంది కాబట్టి, పేరు కూడా ఇక్కడిదే ఉంటే నయం.”

జంబెటా మూతి తుడుచుకుంటూ, “అర్థమైంది, అర్థమైంది, నీళ్లతొట్టి దగ్గర ఏం చెప్పాలో మళ్లీ మళ్లీ చెప్పక్కర్లేదు” అంది.

“రెండోది పుడితే నా పేరు!” అంది వసిలికి వెంటనే.

“పెట్టుకో వదినా. నీ పండగకి ఎలాగూ జనం వస్తారుగా, దానికేం కష్టం.”

ఈస్టర్ వెళ్లిన వారానికి పాపని నీళ్లతొట్టిలో ముంచారు. జంబెటా పేరు ఎంత గట్టిగా చెప్పిందంటే, కాఫీ కొట్టు దాకా వినిపించిందట. ఆ రోజు విందుకి, మళ్లీ అటకెక్కిన వెన్నబిళ్లలే దించారు. రెండు నెలలు ఆగినవి, కాస్త గట్టిపడ్డాయి. హెరాక్లిస్‌కి పన్ను కదిలింది కూడా. అయినా పెర్సెఫొనీ ముందు ఆ మాట అనే ధైర్యం, సింహాన్ని చంపిన పేరున్నవాడికి కూడా లేకపోయింది.